దిద్దించని గీత: ఎదుగుదల వైకల్యాలున్న వారి కళ వెనుక స్టూడియోలు చేసే పని

క్లుప్తంగా: ఆటిజం, బౌద్ధిక వైకల్యం ఉన్న, మాటలు చాలా తక్కువగా వచ్చే ఒక శిల్పికి 2025లో బ్రిటన్‌లో సమకాలీన కళకు ఇచ్చే టర్నర్ బహుమతి దక్కింది. ఇలాంటి కళ ఏదో అద్భుతంలా ఊడిపడదని, ఏళ్ల తరబడి సమయాన్ని, సామగ్రిని, ఎంచుకునే వీలును ఇచ్చే స్టూడియోల నుంచి వస్తుందని గత యాభై ఏళ్ల అనుభవం చెబుతోంది. ఆ స్టూడియోలు ఎలా పుట్టాయి, చికిత్సకూ వృత్తి శిక్షణకూ అవి ఎక్కడ వేరుపడతాయి, అక్కడ తయారైన కృతి ఎవరిది, దాని మీద వచ్చే డబ్బు ఎవరిది, మన చట్టాలూ కేంద్రాలూ ఈ విషయంలో ఎక్కడున్నాయి అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

2025 డిసెంబరు 9న ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ నగరంలో టర్నర్ బహుమతి విజేతగా న్నెనా కాలూ పేరు ప్రకటించారు. ఆమె 1966లో గ్లాస్గోలో నైజీరియా మూలాలున్న కుటుంబంలో పుట్టారు. పాత వీడియో క్యాసెట్ల టేపు, గుడ్డ పేలికలు, తాళ్లు, కాగితం, రంగురంగుల అంటుపట్టీలను చుట్టి, బిగించి, దాని మీదే మళ్లీ చుట్టి ఆమె చేసే శిల్పాలు పైకప్పు నుంచి పెద్ద పెద్ద గూళ్లలా వేలాడతాయి. ఆమె బొమ్మల్లో గీతలు సుడిగుండంలా తిరుగుతాయి. అవి తరచూ జంటలుగానో, మూడేసిగానో ఉంటాయి. మొదటి కాగితం మీద చేయి తిరిగిన తీరే రెండో కాగితం మీదా తిరుగుతుంది, అయితే రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటి కావు. 1984లో మొదలైన ఈ బహుమతి బౌద్ధిక వైకల్యం ఉన్న కళాకారిణికి దక్కడం ఇదే మొదటిసారి. దాని సొమ్ము 25,000 పౌండ్లు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా రెండు సందేహాలు ముందుకొస్తాయి. ఇది జాలితో ఇచ్చిన బహుమతా అన్నది ఒకటి. తన పని గురించి తాను చెప్పలేని మనిషి చేసినదాంట్లో పక్కనున్న సహాయకుల వాటా ఎంత అన్నది రెండోది. మొదటి సందేహానికి కృతులే జవాబు చెప్పుకోవాలి. రెండోది నిజంగా లోతైన ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే కళాకారిణిని వదిలి ఆమె పనిచేసే గదిని చూడాలి.

## పేర్ల దగ్గరే మొదలయ్యే తికమక

కాలూ గురించి బ్రిటిష్ పత్రికలు రాసిన మాట ‘లెర్నింగ్ డిసెబిలిటీ’. మన దగ్గర ఆ మాట వినగానే డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో, రాయడంలో వచ్చే ఇబ్బంది గుర్తుకొస్తుంది. బ్రిటన్‌లో దాని అర్థం అది కాదు. మన చట్టం బౌద్ధిక వైకల్యం (అర్థం చేసుకోవడంలో, నేర్చుకోవడంలో, రోజువారీ పనుల్లో పరిమితి) అనేదాన్నే వాళ్లు అలా పిలుస్తారు. అమెరికాలో వాడే విస్తృతమైన మాటను తెలుగులో ఎదుగుదల వైకల్యం అనవచ్చు. పుట్టుకతోనో, పెరిగే వయసులోనో మొదలై జీవితాంతం ఉండే స్థితులన్నీ ఇందులోకి వస్తాయి: బౌద్ధిక వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ మొదలైనవి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఎక్కువమంది ఈ పరిధిలోకే వస్తారు.

తెలుగులో ‘బుద్ధిమాంద్యం’, ‘మానసిక వైకల్యం’, ‘మానసిక దివ్యాంగులు’ అన్న మాటలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. వీటిలో ‘మానసిక’ అన్న విశేషణం వల్ల ఈ స్థితులను మానసిక రోగంతో కలిపేయడం మామూలైంది. 2011 జనగణన ఈ రెంటినీ విడివిడిగానే లెక్కించింది: దేశంలో బుద్ధిమాంద్యం కింద నమోదైనవారు సుమారు 15 లక్షలు, మానసిక రోగం కింద నమోదైనవారు సుమారు 7.2 లక్షలు.

కళ విషయంలో ఈ తేడాను పట్టించుకోవడానికి ఒక కారణముంది. మనోరోగుల చిత్రాల మీద యూరప్‌లో ఆసక్తి ముందే ఉంది. హైడెల్‌బర్గ్ వైద్యుడు హాన్స్ ప్రింజ్‌హోర్న్ 1922లో వాటి మీద పుస్తకం వెలువరించారు; ఫ్రెంచి చిత్రకారుడు జాఁ దుబుఫే 1945 నుంచి అలాంటివాటిని సేకరించి ‘ఆర్ బ్రూట్’, అంటే నాటు కళ, అని పేరుపెట్టారు. ఆ సేకరణతోనే 1976లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో మ్యూజియం తెరిచారు. ఇంగ్లీషులో ‘అవుట్‌సైడర్ ఆర్ట్’ అన్న పేరు 1972లో వచ్చింది. ఈ ధోరణి వెతికేది ఒంటరి మనిషిని. లోకం, బడి, మ్యూజియం ఏవీ సోకని వాణ్ని. కాలూ లాంటివారు పనిచేసే స్టూడియోలో పరిస్థితి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడ పక్క బల్ల మీద ఇంకొకరు గీస్తుంటారు, గోడల మీద వాళ్ల వీళ్ల బొమ్మలుంటాయి, అరల్లో కళా పత్రికలుంటాయి. ‘అవుట్‌సైడర్’ అన్న పాత చీటీనే ఈ కళకూ అతికించడం వల్ల స్టూడియో అనే ఏర్పాటే కనబడకుండా పోతుంది.

## 1974, ఓక్లండ్: ఒక గ్యారేజీ, ఒక చట్టం

ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు అమెరికాలో ఇలాంటి పిల్లలను చిన్నప్పుడే ప్రభుత్వ ఆశ్రమాలకు పంపేయమని వైద్యులే సలహా ఇచ్చేవారు. ఒక్కో ఆశ్రమంలో వందల, వేల మంది ఉండేవారు. 1960లు, 70లలో అక్కడి దుస్థితి బయటపడే కొద్దీ వాటిని తగ్గించి, మనుషులను తిరిగి ఊళ్లలోకి తెచ్చే విధానం బలపడింది. అయితే ఊళ్లోకి వచ్చిన మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేయాలన్నదానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. స్క్రూలు లెక్కపెట్టి సంచుల్లో వేయడం వంటి పనులు చేయించే కార్ఖానాలే అందుబాటులో ఉండేవి.

కాలిఫోర్నియాలో చిత్రకారిణి, ఉపాధ్యాయిని ఫ్లోరెన్స్ లూడిన్స్-కాట్జ్, ఆమె భర్త, మనస్తత్వ నిపుణుడు ఎలయస్ కాట్జ్ 1974లో తమ ఇంటి గ్యారేజీలో కొద్దిమందికి రంగులు, కాగితాలు ఇచ్చి మొదలుపెట్టిన పని ‘క్రియేటివ్ గ్రోత్’ అయింది. తర్వాత అది ఓక్లండ్‌లో పెద్ద స్టూడియోగా స్థిరపడింది. 1980ల తొలి సగంలో ఆ దంపతులే శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘క్రియేటివిటీ ఎక్స్‌ప్లోర్డ్’, రిచ్‌మండ్‌లో ‘నయాడ్’ అనే మరో రెండు స్టూడియోల స్థాపనలో పాలుపంచుకున్నారు. మూడూ ఇప్పటికీ నడుస్తున్నాయి. కాకతాళీయమే అయినా, ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో ఇలాంటి ఉద్దేశంతోనే ‘ఆర్ట్స్ ప్రాజెక్ట్ ఆస్ట్రేలియా’ కూడా అదే 1974లో మొదలైంది.

ఆ దంపతుల దృష్టి ఎంత గొప్పదైనా, ఆ స్టూడియోలు యాభై ఏళ్లు నిలబడటానికి అసలు ఆధారం ఒక చట్టం. కాలిఫోర్నియా శాసనసభ 1969లో ఆమోదించిన, తర్వాత విస్తరించిన లాంటర్‌మన్ చట్టం ప్రకారం, 18 ఏళ్ల లోపు మొదలైన ఎదుగుదల వైకల్యం ఉన్నవారికి అవసరమైన సేవలు పొందడం హక్కు. రాష్ట్రంలోని 21 ప్రాంతీయ కేంద్రాలు ఒక్కొక్కరితో కూర్చుని వారికి తగిన ప్రణాళిక రాస్తాయి. ఆ ప్రణాళికలో ఉన్న పగటి కార్యక్రమానికి డబ్బు ప్రభుత్వం నుంచి వస్తుంది. ఒక వ్యక్తి తన పగటి కార్యక్రమంగా స్టూడియోను ఎంచుకుంటే ఆ డబ్బు స్టూడియోకు చేరుతుంది. దీని ఫలితం చూడటానికి చిన్నదే, కానీ నిర్ణాయకం: బొమ్మ అమ్ముడుపోయినా పోకున్నా ఆ మనిషి బల్ల ఖాళీ కాదు. ఈ సేవలకు పౌరసత్వంతో పనిలేదు, రాష్ట్రంలో నివాసముంటే చాలు. ఆ చుట్టుపక్కల ఫ్రీమాంట్ లాంటి ఊళ్లలో వీసాల మీద ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇది తెలిసి ఉండాల్సిన సంగతి.

## రెండేళ్ల నిరీక్షణ: జూడిత్ స్కాట్

ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో జూడిత్ స్కాట్ జీవితం చూపినంత స్పష్టంగా మరేదీ చూపదు. ఆమె, కవల సోదరి జాయిస్ 1943లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టారు. జూడిత్‌కు డౌన్ సిండ్రోమ్ ఉంది, జాయిస్‌కు లేదు. ఏడేళ్ల వయసులో జూడిత్‌ను ప్రభుత్వ ఆశ్రమానికి పంపారు. చదువు చెప్పడం సాధ్యంకాని పిల్ల అని అక్కడ తేల్చేశారు. అలా తేలడానికి ఒక కారణం ఆమెకు వినబడకపోవడం. వినబడదన్న సంగతి మాత్రం ఎన్నో ఏళ్ల దాకా ఎవరూ గుర్తించలేదు. ముప్పై అయిదేళ్లు ఆశ్రమాల్లోనే గడిచాయి. 1980ల మధ్యలో జాయిస్ ఆమెకు చట్టబద్ధ సంరక్షకురాలై కాలిఫోర్నియాకు తీసుకొచ్చారు, 1987లో క్రియేటివ్ గ్రోత్‌లో చేర్పించారు.

చేరాక దాదాపు రెండేళ్లు చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. పెన్సిళ్లు, రంగులు ఇస్తే ఆమె ఏవో గీసేది కానీ, మనసు పెట్టలేదు. మామూలు శిక్షణ కేంద్రంలో అయితే, ప్రగతి లేదని నివేదిక రాసి ఆమెను మరో విభాగానికి మార్చి ఉండేవారు. ఇక్కడ వేచి ఉన్నారు. ఒకరోజు సిల్వియా సెవెంటీ అనే నూలు కళాకారిణి నేర్పుతున్న తరగతిలో కూర్చున్న జూడిత్ కర్రపుల్లలకు నూలు చుట్టడం మొదలుపెట్టింది. ఆ తరగతిలో చెప్పింది అది కాదు. అయినా ఆమెను ఎవరూ ఆపలేదు, సరిదిద్దలేదు.

అక్కడి నుంచి 2005లో 61 ఏళ్ల వయసులో చనిపోయేదాకా ఆమె ఆ పని మానలేదు. చేతికందిన వస్తువును లోపల పెట్టి, దాని చుట్టూ నూలు, గుడ్డ, తాడు వారాల తరబడి అల్లుతూ పోయేది. ఒక పెద్ద శిల్పం లోపల దుకాణాల్లో సరుకులు తోసుకెళ్లే బండి ఉంది. నూలు అందని సమయంలో చేతులు తుడుచుకునే కాగితాలనే ముడులు వేసి తెల్లని శిల్పం ఒకటి చేసింది. మొత్తం సుమారు రెండు వందల శిల్పాలు. ఏదైనా ఒకటి పూర్తయితే తనే పక్కకు తోసేసేది. అంటే ఎక్కడ ఆపాలో ఆమెకు కచ్చితంగా తెలుసు. వేటికీ పేరు పెట్టలేదు, అర్థం చెప్పలేదు. 2014లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియం ఆమె కృతులతో పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసింది. రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన వెనిస్ బినాలేలోనూ 2017లో ఆమె శిల్పాలున్నాయి.

ఈ కథను ‘దాగిన ప్రతిభ బయటపడింది’ అని చెప్పడం తేలిక, పత్రికలు ఎక్కువగా అలాగే చెప్పాయి. సరిగ్గా చూస్తే ఇక్కడ బయటపడినవి ఓ మనిషికి తగిన పదార్థం, ఆ పదార్థం దొరికేదాకా ఓపిక పట్టగల వ్యవస్థ. రంగులు ఆమె పదార్థం కాదు. ఆ సంగతి తెలియడానికి రెండేళ్లు పట్టింది, ఆ రెండేళ్ల ఖర్చు ఎవరో భరించారు.

## చికిత్స, శిక్షణ, స్టూడియో

ఒకే మనిషి ఒకే కాగితం మీద ఒకే రంగు వాడినా, మూడు వేర్వేరు గదుల్లో ఆ పని మూడు రకాలుగా లెక్కకొస్తుంది.

ఆర్ట్ థెరపీ గదిలో లక్ష్యం ఆరోగ్యం. అక్కడ ఉండేది శిక్షణ పొందిన చికిత్సకులు. బ్రిటన్‌లో నమోదు లేకుండా ఆ పేరు పెట్టుకోవడం చట్టవిరుద్ధం. అక్కడ గీసిన బొమ్మ రోగి వివరాలంత గోప్యమైనది, కాబట్టి దాన్ని గోడకు తగిలించడం, అమ్మడం సాధారణంగా ఉండదు. వృత్తి శిక్షణ గదిలో లక్ష్యం సరుకు. ప్రమిదలు, కొవ్వొత్తులు, రాఖీలు, కాగితపు సంచులు, గ్రీటింగ్ కార్డులు అన్నీ ఒకేలా రావాలి. తేడా వస్తే అది లోపం. స్టూడియోలో ఆ తేడాయే చూడాల్సిన విషయం. అక్కడ ఉండేది చికిత్సకులు, శిక్షకులు కాదు, ఎక్కువగా తామూ స్వయంగా బొమ్మలు గీసే, శిల్పాలు చేసే కళాకారులు. స్టూడియోలో పనిచేసేవారికి మనసు కుదుటపడవచ్చు, నాలుగు డబ్బులూ రావచ్చు. అవి వెంట వచ్చే ఫలితాలే తప్ప లక్ష్యాలు కావు.

శిక్షణ గది స్టూడియోగా మారిన ఉదాహరణ జపాన్‌లో ఉంది. కగోషిమాలోని షోబు గాకుఎన్ అనే సంస్థ బౌద్ధిక వైకల్యం ఉన్న పెద్దల కోసం పనిచేస్తుంది. మొదట్లో అక్కడా బయటి నుంచి పని తెచ్చుకుని నమూనా ప్రకారం కుట్టించేవారు, చెక్కించేవారు. కుట్టు తిన్నగా వచ్చేది కాదు. దారం ముడులు పడి ఒకేచోట గుట్టగా పేరుకునేది. సిబ్బంది రోజంతా వాటిని విప్పి సరిచేయడంలోనే అలసిపోయేవారు. సంస్థ నిర్వాహకుడు షిన్ ఫుకుమోరి ఆ ముడుల గుట్టలనే తేరిపార చూసి, సరిదిద్దడం ఆపేయించారు. దారపు గుట్టలతో బరువెక్కిన ఆ చొక్కాలు ‘నుయి’, అంటే కుట్టు, అన్న పేరుతో ప్రదర్శనలకెక్కాయి. కుట్టే చేతుల్లో ఏ మార్పూ రాలేదు. మారింది వాటిని చూసే కన్ను. జపాన్ 2018లో వైకల్యం ఉన్నవారి కళా, సాంస్కృతిక కార్యకలాపాల కోసం ప్రత్యేక చట్టమే తెచ్చింది.

## సహాయకుల చేయి ఎక్కడ ఆగాలి

తెలుగువారి ఇంట చదువు మొదలయ్యేదే చేయి పట్టి దిద్దించడంతో. పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని ‘ఓం నమః శివాయ’ దిద్దిస్తారు. ప్రత్యేక పాఠశాలల్లోనూ ఇది బోధన పద్ధతే: చేతిమీద చేయి వేసి చేయించడం, తర్వాత మణికట్టు దగ్గర పట్టుకోవడం, తర్వాత మోచేతిని తాకడం, చివరికి వదిలేయడం. బొత్తాం పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం నేర్పడానికి అది చక్కగా పనికొస్తుంది. బొమ్మ విషయానికి వచ్చేసరికి అదే పద్ధతి ఎదురుతిరుగుతుంది, ఎందుకంటే గీత ఎటు వెళ్లాలో చేయి పట్టినవారికి ముందే తెలుసు.

ఈ ప్రమాదం ఊహించుకున్నది కాదు. 1990లలో ‘ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్’ అనే పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. మాటలు రాని ఆటిజం వ్యక్తుల చేతిని సహాయకులు పట్టుకుంటే వారు అక్షరాలు నొక్కి వాక్యాలు చెబుతున్నారన్నారు. ఇద్దరికీ వేర్వేరు బొమ్మలు చూపించి పరీక్షించినప్పుడు టైపైంది సహాయకులు చూసిన బొమ్మ పేరే. మోసం చేయాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు. తమ చేతులే నడిపిస్తున్నాయని సహాయకులకు తెలియలేదు. 1994లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఈ పద్ధతికి శాస్త్రీయ ఆధారం లేదని తీర్మానించింది. మంచి స్టూడియోల్లో గీసే చేతిని తాకకూడదన్న పట్టుదలకు ఈ చరిత్ర ఒక్కటే చాలినంత కారణం.

మరి సహాయకులు చేసేదేమిటి? సామగ్రిని అందే దూరంలో, ఎంచుకోగలిగినన్ని రకాల్లో పెడతారు. ఇరవై రంగులు ఒకేసారి గుమ్మరిస్తే ఎంపిక ఉండదు, గందరగోళమే ఉంటుంది. ఒక్కటే ఇస్తే అసలు ఎంపికే లేదు. చూపు ఎటు వెళ్లింది, దేన్ని పక్కకు నెట్టారు, దేని దగ్గర చేయి ఆగింది అన్నవి గమనిస్తారు. కాగితం నిండితే పెద్ద కాగితం తెస్తారు. ‘ఏం బొమ్మ ఇది?’ అని అడగరు, ఎందుకంటే ఆ ప్రశ్న అడిగితే బొమ్మ ఏదో ఒక వస్తువులా ఉండి తీరాలన్న ఒత్తిడి మొదలవుతుంది. పని అయిపోయిందని వారు చెప్పరు. కాలూ 1999 నుంచి లండన్‌లోని ‘యాక్షన్‌స్పేస్’ అనే సంస్థ సాయంతో పనిచేస్తున్నారు. అక్కడి కళాకారిణి షార్లట్ హోలిన్స్‌హెడ్ ఆమెతో రెండు దశాబ్దాలకు పైగా ఉన్నారు. ఒక మనిషి భుజం కదలికను బట్టి ఆమె ఈ రంగు వద్దంటోందని గ్రహించడానికి అంత కాలపు సాన్నిహిత్యం కావాలి. మూడు నెలలకోసారి మారే సిబ్బందితో అది కుదిరే పని కాదు.

సాయం ఉంది కాబట్టి కృతి పూర్తిగా కళాకారుడిది కాదనే వాదన పెద్ద కళాకారులకు వర్తించినప్పుడు మాత్రం ఎవరూ ఎత్తరు. కంచు శిల్పం పోత పోసేది పోతపనివారు. శ్రీకాళహస్తి కలంకారీలో గురువు కలంతో గీత గీస్తే, రంగులు నింపేది తరచూ శిష్యులు, కుటుంబ సభ్యులే. అయినా వస్త్రం గురువు పేరు మీదే చలామణి అవుతుంది. అక్కడా ఇక్కడా ప్రశ్న ఒకటే: నిర్ణయాలు ఎవరివి? తేడా ఏమిటంటే గురువు తన నిర్ణయాన్ని మాటల్లో చెప్పగలడు. మాటలు లేనిచోట నిర్ణయానికి ఆధారం కృతుల వరసలోనే దొరకాలి. సహాయకులు మారినా, ఊరు మారినా, పదార్థం మారినా ఇరవై ఏళ్ల పనిలో ఒకే చేతి నడక కనబడితే అది ఆ కళాకారులదే. కాలూ, స్కాట్ ఇద్దరి విషయంలోనూ ఆ వరస స్పష్టంగా ఉంది.

## మ్యూజియం గోడ, పొదుపు ఖాతా

గత పదేళ్లలో పెద్ద మ్యూజియంల వైఖరి వేగంగా మారింది. అక్షరాలను ఒకదాని మీద ఒకటి చిక్కటి పొరలుగా రాసే డాన్ మిల్లర్ కృతులు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉన్నాయి. కళా పత్రికల అట్టలను చూసి తనదైన రంగుల ముక్కలుగా మళ్లీ కట్టే మార్లన్ మలెన్, నయాడ్‌లో పనిచేస్తూనే 2019లో విట్నీ బినాలేకు ఎంపికయ్యారు. 2024 డిసెంబరులో అదే మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఆయన ఒక్కరి కృతులతో ప్రదర్శన మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియం క్రియేటివ్ గ్రోత్ నుంచి వందకు పైగా కృతులు సేకరించి, 2024లో ఆ స్టూడియో యాభయ్యో ఏట ప్రదర్శన పెట్టింది.

గోడమీది పరిచయంలో వైకల్యాన్ని పేర్కొనాలా వద్దా అన్న చర్చ ఇంకా తేలలేదు. పేర్కొంటే చూసేవారు బొమ్మను వదిలి రోగనిర్ధారణను చూస్తారు. వదిలేస్తే ఆ కృతికి వెనకనున్న స్టూడియో, సహాయకులు, ప్రభుత్వ నిధులు మళ్లీ కనుమరుగవుతాయి. ఆమె వైకల్యం గురించి పత్రికలు ఇప్పటికే రాశాయి కాబట్టి కాలూ విషయంలో రెండో దారి సాధ్యం కాదు కూడా.

అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. ఈ స్టూడియోల్లో బొమ్మ అమ్ముడైతే సాధారణంగా సగం కళాకారుడికి, సగం స్టూడియోకు వెళుతుంది; వ్యాపార గ్యాలరీల్లోనూ వాటా దాదాపు ఇంతే. అయితే అమెరికాలో వైకల్యం ఉన్న పేదలకు నెలనెలా వచ్చే ఎస్‌ఎస్‌ఐ భృతి అందాలంటే ఒంటరి వ్యక్తి పేరిట ఉన్న సొమ్ము 2,000 డాలర్లు దాటకూడదు. 1989 నుంచి ఈ పరిమితి మారలేదు. ఒక్క శిల్పం మంచి ధర పలికితే భృతి ఆగిపోతుంది, దానితో ముడిపడిన వైద్య సదుపాయానికీ ముప్పు వస్తుంది. 2014లో వచ్చిన ఏబుల్ చట్టం కింద ప్రత్యేక పొదుపు ఖాతా తెరిస్తే అందులో లక్ష డాలర్ల దాకా ఈ లెక్కలోకి రాదు. వైకల్యం 26 ఏళ్ల లోపు మొదలైనవారికే ఉన్న ఆ వీలును 2026 జనవరి నుంచి 46 ఏళ్లకు పెంచారు. ఒక కళాకారుడి జీవితంలో మ్యూజియం పిలుపు కంటే ఈ ఖాతా పెద్ద సంఘటన కావచ్చు.

## మన దగ్గర ఉన్నవి, లేనివి

భారతదేశం 2007లో ధ్రువీకరించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని 30వ అధికరణం, వైకల్యం ఉన్నవారు తమ సృజనశక్తిని తమ కోసమే కాక సమాజ సమృద్ధి కోసం కూడా వినియోగించుకునే అవకాశం ఉండాలంటుంది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో సెక్షన్ 29 కళాకారులకు, రచయితలకు సదుపాయాలు, తోడ్పాటు, ఆర్థిక సాయం గురించి, కళా కోర్సులను వీరు పాల్గొనేలా మార్చడం గురించి నేరుగా మాట్లాడుతుంది. విద్య, ఉద్యోగ రిజర్వేషన్ల మీద జరిగినంత చర్చ ఈ సెక్షన్ మీద జరగలేదు.

సంస్థల లోటు లేదు. 1984లో ఏర్పడిన, బౌద్ధిక వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీగా పిలిచే జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లోనే ఉంది. దేశమంతటికీ బోధన సామగ్రి, శిక్షణ అక్కడి నుంచి వెళతాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండల స్థాయిలో భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడుస్తున్నాయి. ఖాళీ కనిపించేది బడి వయసు దాటాక. పద్దెనిమిదేళ్లు నిండిన కొడుకు, కూతురు ఇంట్లోనే ఉండిపోవడం, లేదా ఏదైనా స్వచ్ఛంద సంస్థ నడిపే వృత్తి కేంద్రానికి వెళ్లడం, ఈ రెండే ఎక్కువ కుటుంబాల ముందున్న దారులు. 1999 నాటి చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ పగటి సంరక్షణకు ఒక పథకం కింద సంస్థలకు సాయం చేస్తుంది. కాలిఫోర్నియా నమూనాకు మన దగ్గర అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే. కానీ ఇది నమోదైన సంస్థలకు వెళ్లే పథకం. అక్కడిలా వ్యక్తి వెంట నడిచే హక్కు కాదు. పింఛను (ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016 రూపాయలు) మనిషి చేతికి అందుతుంది గానీ, దాంతో స్టూడియో నడవదు.

వృత్తి కేంద్రాల మీద ఆర్డర్ల ఒత్తిడి గురించీ చెప్పుకోవాలి. దీపావళి ముందు రెండు నెలలు ప్రమిదలకు రంగులేయడం చాలా కేంద్రాలకు ఏడాది ఆదాయంలో ముఖ్యమైన భాగం. కొనేవారు అడిగేది ఒకేలా ఉన్న డజను. అంచు దాటిన రంగును సిబ్బంది సాయంత్రం కూర్చుని సరిచేస్తారు, కొన్నిసార్లు తామే పూర్తిచేస్తారు. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు నుంచి వివిధ నగరాల్లో పెడుతున్న దివ్య కళా మేళాలు దివ్యాంగుల ఉత్పత్తులకు మంచి అంగడి కల్పించాయి. అక్కడి బల్లల మీద ఉండేవి ఎక్కువగా చేతివృత్తుల సరుకులు, తినుబండారాలు, గృహోపకరణాలు. జీవనోపాధికి వాటి విలువ కాదనలేనిది. స్వీయ వ్యక్తీకరణ అనేది మాత్రం ఆ బల్ల మీద సర్దేది కాదు.

బొమ్మలు అమ్ముడుపోయే స్థితి వస్తే చట్టపరమైన ప్రశ్నలు వెంటనే లేస్తాయి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రం మీద హక్కు గీసినవారికి గీసిన క్షణం నుంచే ఉంటుంది. వారి జీవితకాలం, ఆపై అరవై ఏళ్లు. దానికి వైకల్యం అడ్డు కాదు. ఆ హక్కును అమ్మే ఒప్పందం దగ్గర 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం అడ్డు వస్తుంది: తాను చేస్తున్న ఒప్పందాన్ని అర్థం చేసుకుని మంచిచెడ్డలు బేరీజు వేసుకోలేనివారి ఒప్పందం చెల్లదు. అప్పుడు నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు నేతృత్వంలోని స్థానిక కమిటీ నియమించే సంరక్షకులు సంతకం చేయాలి. 2016 చట్టం మాత్రం సంరక్షకులు పూర్తిగా తామే నిర్ణయించకుండా, ఆ వ్యక్తితో కలిసి నిర్ణయించే పరిమిత సంరక్షకత్వం వైపు మొగ్గింది. ఈ రెండు చట్టాల మధ్య పొంతన కుదరలేదు. ఒక సంస్థ తన దగ్గరి పిల్లల బొమ్మలతో క్యాలెండరు వేసి అమ్మినప్పుడు ఆ హక్కు ఎవరి నుంచి, ఎలా తీసుకుందన్న ప్రశ్న సాధారణంగా ఎవరికీ తట్టదు.

టర్నర్ బహుమతి ప్రభావం మన దాకా వస్తే అది మొదట ప్రదర్శనల రూపంలో రావచ్చు: ఏప్రిల్ 2న ఆటిజం దినం, డిసెంబరు 3న దివ్యాంగుల దినం, ఒక హాలు, ముఖ్య అతిథి, జ్ఞాపికలు. దానికంటే తక్కువ ఖర్చుతో, ఎక్కువ ఫలితమిచ్చే మార్పు ఇప్పుడున్న పగటి కేంద్రంలోనే సాధ్యం. రోజుకు రెండు గంటలు ఆర్డరు లేని సమయం, దిద్దకూడదన్న నియమం తెలిసిన ఒకే మనిషి ఏడాది పొడవునా, నీళ్ల రంగులతో పాటు నూలు, మట్టి, పాత చీరల పేలికలు. వీటికి తోడు ఒక అలమరా. ఇప్పుడు చాలాచోట్ల పూర్తయిన కాగితాలు నెలాఖరుకు పాత పేపర్ల కట్టలో చేరి తూకానికి పోతున్నాయి. ఒక చేతి నడక ఏళ్ల మీద ఎలా మారిందో చూడాలంటే, రేపెవరైనా ఇది ఎవరి బొమ్మ అని అడిగితే చూపించాలంటే, ప్రతి కాగితం వెనుకా పేరు, తేదీ రాసి, ఆ అరలో వరుసగా పెట్టి ఉంచాలి.